పనికి గౌరవం, చదువుకు దారి: స్పెయిన్ జ్ఞానోదయం – మన తెలంగాణ మేల్కొలుపు



జ్ఞానోదయ యుగం అనగానే మనకు ఫ్రాన్సు, ఇంగ్లండు గుర్తుకొస్తాయి. వోల్టేర్, రూసో, ఆడమ్ స్మిత్ పేర్లు ఇంటర్ చదివే తమ్ముడు కూడా చెబుతాడు. స్పెయిన్ మాట వస్తే మాత్రం కొలంబస్ దగ్గర మొదలై కొలంబస్ దగ్గరే ఆగిపోతాం. అయితే 18వ శతాబ్దపు స్పెయిన్‌లో జరిగిన ఒక సంగతి సాంఘిక సంక్షేమ వసతి గృహాల్లో చదువుకునే మనం ప్రత్యేకంగా తెలుసుకోవలసింది. 1783 మార్చి 18న ఆ దేశపు రాజు మూడవ కార్లోస్ ఒక శాసనం వెలువరించాడు. తోలు శుద్ధి చేసేవారు, చెప్పులు కుట్టేవారు, కమ్మరులు, దర్జీలు, వడ్రంగులు చేసే పనులు గౌరవప్రదమైనవేనని అందులో ప్రకటించాడు. ఆ పని చేసినందువల్ల మనిషికి గానీ, కుటుంబానికి గానీ తక్కువతనం రాదని, వారు పురపాలక పదవులకు అనర్హులు కారని చెప్పాడు.

తోలు పని గౌరవమైనదే అని ఒక రాజు రాసి ఇవ్వవలసి వచ్చిందంటే, అంతకు ముందు ఆ పనిని ఎలా చూసేవారో మనకు ఎవరూ వివరించనక్కరలేదు. ఈ వ్యాసంలో మూడు ప్రశ్నలు చూద్దాం. ఆ శాసనం అవసరం స్పెయిన్‌కు ఎందుకు వచ్చింది? ఆర్థిక ఆలోచనలో, చదువులో, కళలో అక్కడి మేధావులు ఏం చేశారు? అదే పనిని మన హైదరాబాద్ రాష్ట్రంలో, మన కరీంనగర్, ఆదిలాబాద్ ప్రాంతాల్లో ఎవరు, ఎలా చేశారు?

1. పని చేస్తే పరువు పోయే దేశం

16వ శతాబ్దంలో మెక్సికో, పెరూ గనుల నుంచి స్పెయిన్‌కు ఓడల కొద్దీ వెండి వచ్చింది. చేతిలో వెండి ఉన్నప్పుడు వస్తువులు తయారు చేయడం దేనికి, బయటి దేశాల నుంచి కొనవచ్చు కదా అనుకున్నారు. ధరలు పెరిగాయి, దేశంలోని మగ్గాలు, కార్ఖానాలు చితికిపోయాయి. వెండి వచ్చిన దారినే బయటికి పోయింది.

దీనికి తోడు ఒక సామాజిక జబ్బు ఉండేది. ‘హిదాల్గో’ అనే చిన్న ప్రభువర్గం వారు చేతిపని ముట్టుకోవడం అవమానంగా భావించేవారు. ఇంట్లో తిండి లేకపోయినా సరే, పని మాత్రం చేయకూడదు. చాలా కళాశాలల్లో, వృత్తి సంఘాల్లో, పదవుల్లో చేరాలంటే ‘రక్తశుద్ధి’ని రుజువు చేసుకోవాలి. అంటే వంశంలో యూదులు, ముస్లింలు లేరని చూపాలి. పెద్ద పెద్ద గౌరవాలకైతే తాత తండ్రులు చేతిపని చేయలేదని కూడా చూపాలి. ప్రపంచ ప్రసిద్ధ చిత్రకారుడు వెలాస్కెజ్ 1659లో ఒక వీరుల సంఘంలో సభ్యత్వం పొందే ముందు, ఆయన పొట్టకూటి కోసం బొమ్మలు వేయలేదని, దుకాణం పెట్టి అమ్మలేదని సాక్షులు చెప్పవలసి వచ్చింది. రాజుగారి ఆస్థాన చిత్రకారుడి పరిస్థితే అదైతే, చెప్పులు కుట్టేవాడి సంగతి వేరే చెప్పాలా?

పుట్టుకను బట్టి మనిషి విలువ, పనిని బట్టి మనిషి మైల అనే భావన మన దేశానిదే అనుకుంటాం. స్పెయిన్ చరిత్ర చదివితే ఇతర దేశాలలో కూడా అది వేరే వేషంలో ఉండేదని తెలుస్తుంది. అయితే అంటరానితనమంత కఠినమైన రూపం అక్కడ లేదు. ఈ తేడాను మరచి పోల్చకూడదు.

2. ఆర్థిక ఆలోచన: కాంపోమానెస్, హోవెయానోస్

1700లో బూర్బన్ వంశం స్పెయిన్ గద్దెనెక్కింది. మూడవ కార్లోస్ పాలనలో (1759–1788) సంస్కరణలు వేగం అందుకున్నాయి. వాటి వెనుక ఉన్న మంత్రులలో ముఖ్యుడు కాంపోమానెస్ (1723–1802). ఆయన 1774లో ప్రజా పరిశ్రమల అభివృద్ధి గురించి ఒక పుస్తకం రాశాడు. ప్రభుత్వం దాన్ని వేల సంఖ్యలో అచ్చువేయించి దేశమంతా పంపింది. మరుసటి సంవత్సరమే చేతివృత్తుల వారి విద్య గురించి ఇంకొకటి రాశాడు. వెండి నిల్వలలో కాక, పని చేసే చేతులలో దేశ సంపద ఉంటుందనేది ఆయన వాదం. పనివారికి లెక్కలు, బొమ్మ గీయడం, కొత్త పనిముట్లు నేర్పాలని, ముందుగా వారిని చిన్నచూపు చూడడం మానాలని కోరాడు. 1783 శాసనానికి పునాది ఇటువంటి ఆలోచనలే.

అన్ని సంస్కరణలూ సాఫీగా సాగలేదు. 1765లో ధాన్యం ధరలపై ఉన్న గరిష్ఠ పరిమితిని ఎత్తివేసి, వ్యాపారానికి స్వేచ్ఛ ఇచ్చారు. సిద్ధాంతం బాగానే ఉంది. కానీ పంటలు సరిగా పండలేదు. రొట్టె ధర పెరిగింది. 1766లో మాడ్రిడ్‌లో పెద్ద అలజడి చెలరేగి రాజు నగరం విడిచి వెళ్లవలసి వచ్చింది. ధర పెరిగినప్పుడు కూలివాడి కడుపు ఎలా నిండుతుందో ఆలోచించకుండా చేసిన సంస్కరణ ఏమవుతుందో అర్థశాస్త్ర విద్యార్థులు ఈ ఉదాహరణ నుంచి నేర్చుకోవచ్చు.

రెండవ గొప్ప పేరు హోవెయానోస్ (1744–1811). 1795లో అచ్చయిన ఆయన వ్యవసాయ చట్ట నివేదిక స్పెయిన్ ఆర్థిక సాహిత్యంలో అన్నిటికంటే ప్రసిద్ధమైనది. వ్యవసాయం ఎందుకు వెనుకబడింది అన్న ప్రశ్నకు ఆయన మూడు రకాల అడ్డంకులు చెప్పాడు.

మొదటిది చట్టాల వల్ల వచ్చిన అడ్డంకి. పెద్ద కుటుంబాల భూములు, చర్చి భూములు అమ్మడానికి, పంచడానికి వీలు లేకుండా కట్టిపడేసి ఉండేవి. గొర్రెల మందల యజమానుల సంఘానికి రైతు పొలాల మీద కూడా ప్రత్యేక హక్కులు ఉండేవి. రెండవది మనుషుల అభిప్రాయాల వల్ల, అజ్ఞానం వల్ల వచ్చిన అడ్డంకి. మూడవది ప్రకృతి వల్ల వచ్చినది: నీటి వసతి లేకపోవడం, దారులు, రేవులు లేకపోవడం.

చట్టం, మనసు, ప్రకృతి. ఈ మూడు మాటలు గుర్తుంచుకోండి. మన ప్రాంతం గురించి మాట్లాడేటప్పుడు మళ్లీ పనికొస్తాయి.

3. చదువు: సొంత భాషలో, సంఘాల ద్వారా

స్పెయిన్ మేల్కొలుపుకు తొలి గురువు ఫెయ్‌హో (1676–1764) అనే క్రైస్తవ సన్యాసి. అప్పటి పండితులు లాటిన్‌లో రాస్తుంటే ఈయన ప్రజల భాష అయిన స్పానిష్‌లో రాశాడు. 1726 నుంచి వరుసగా వెలువడిన తన సంపుటాలలో గ్రహణాలు, తోకచుక్కలు కీడు తెస్తాయన్న భయాన్ని, దొంగ మహిమలను, నాటు వైద్యపు మోసాలను ఖండించాడు. స్త్రీల బుద్ధి పురుషుల బుద్ధికి తీసిపోదని మొదటి సంపుటంలోనే వాదించాడు.

తరువాత వచ్చినవి ఆర్థిక సంఘాలు. 1765లో బాస్క్ ప్రాంతంలో మొదటిది, 1775లో మాడ్రిడ్‌లో మరొకటి ఏర్పడ్డాయి. ఆ తర్వాత పదుల సంఖ్యలో పట్టణాలకు పాకాయి. ఈ సంఘాలు నూలు వడికే బడులు, చిత్రలేఖన తరగతులు నడిపాయి, మంచి పనిముట్టు చేసిన వారికి బహుమతులు ఇచ్చాయి. 1784లో సరగోసా నగర సంఘం ఆర్థికశాస్త్ర బోధనకు స్పెయిన్‌లో మొదటి పీఠాన్ని నెలకొల్పింది. అదే సంఘం 1782లో హోసెఫా అమార్ అనే విదుషిని సభ్యురాలిగా చేర్చుకుంది. మాడ్రిడ్ సంఘంలో స్త్రీలను చేర్చుకోవాలా వద్దా అని పెద్ద చర్చ జరిగినప్పుడు, 1786లో ఆమె స్త్రీల ప్రతిభను సమర్థిస్తూ వ్యాసం రాసింది. మరుసటి సంవత్సరం అక్కడ మహిళా విభాగం ఏర్పడింది. హోవెయానోస్ 1794లో తన సొంత ఊరు హిహోన్‌లో గణితం, నౌకాయానం, ఖనిజశాస్త్రం నేర్పే విద్యాసంస్థను స్థాపించాడు.

4. కళ: గోయా చూసిన సామాన్యుడు

ఈ కాలపు కళ అంటే ఫ్రాన్సిస్కో గోయా (1746–1828). తండ్రి బంగారు పూత పని చేసేవాడు. గోయా ఆస్థాన చిత్రకారుడైనా కింది మనుషులను మరచిపోలేదు. ఆయన వేసిన ‘గాయపడిన తాపీమేస్త్రీ’ చిత్రంలో పరంజి దగ్గర దెబ్బ తగిలిన మేస్త్రీని ఇద్దరు తోటి పనివాళ్లు ఎత్తుకుని మోసుకుపోతుంటారు. రాజభవనం గోడల అలంకరణ కోసం తలపెట్టిన చిత్రమాలలో ఒక కూలివాడి ప్రమాదం చోటు చేసుకోవడం చిన్న విషయం కాదు.

1799లో ఆయన 80 చిత్రాల సంపుటి ‘కాప్రిచోస్’ వెలువరించాడు. అందులో ఒక బొమ్మలో ఇద్దరు మనుషులు తమ వీపుల మీద రెండు గాడిదలను మోస్తూ వంగిపోయి ఉంటారు. ఎవరు ఎవరి మీద కూర్చుని బతుకుతున్నారో చెప్పడానికి వ్యాఖ్యానం అవసరం లేదు. దాని తరువాతి బొమ్మ మరింత ప్రసిద్ధం. వివేకం నిద్రపోతే రాక్షసులు పుడతారని అందులోనే రాసి ఉంటుంది. ఆ సంపుటి ఎక్కువ రోజులు అమ్మకంలో ఉండలేదు.

5. శాసనం ఎక్కడ ఆగిపోయింది?

1783 శాసనం వచ్చిన మరునాడే చెప్పులు కుట్టేవాడి కొడుకు నగర సభలో కూర్చోలేదు. చాలా సంఘాలు, పదవులు తమ పాత నియమాలను వదులుకోలేదు. రక్తశుద్ధి రుజువులు చట్టం నుంచి పూర్తిగా పోవడానికి 19వ శతాబ్దం దాకా పట్టింది. అదే 1783 సెప్టెంబరులో జిప్సీల గురించి మరొక శాసనం వచ్చింది. వారు నీచ జాతి కాదని, ఏ వృత్తి అయినా చేసుకోవచ్చని ఒక చేత్తో చెబుతూ, వారి భాషను, వేషాన్ని, చివరికి వారి పేరును కూడా మరో చేత్తో నిషేధించారు. అమెరికా వలసల్లో బానిసత్వం కొనసాగుతూనే ఉంది. 1789 ఫ్రెంచి విప్లవం తర్వాత పాలకులు భయపడి సంస్కరణలకు కళ్లెం వేశారు. హోవెయానోస్ 1801 నుంచి 1808 వరకు బందీగా గడిపాడు.

ఇక్కడ గమనించవలసినది ఒకటుంది. ఈ మేధావులలో చాలామంది పెద్ద ఇళ్లవారు. తోలు పనివాడి గురించి వారు మాట్లాడారు గానీ, తోలు పనివాడు స్వయంగా మాట్లాడే సంఘం అక్కడ ఏర్పడలేదు. మన దగ్గర కథ ఈ చోటనే వేరుగా నడిచింది.

6. మన హైదరాబాద్ రాష్ట్రంలో

నిజాం పాలనలో మన పల్లెల్లో వెట్టి ఉండేది. మాదిగలు దొరల గడీలకు చెప్పులు, మోటలకు తోలు సామాను ప్రతిఫలం లేకుండా ఇవ్వాలి. చాకలి, మంగలి, కుమ్మరి, అందరికీ తలా ఒక వెట్టి. ఊరిని నిలబెట్టే పనులన్నీ వీరివే, కానీ గౌరవమూ లేదు, కూలీ లేదు. పాలనా భాష ఉర్దూ కావడంతో తెలుగు చదువుకు ఆదరణ కరువైంది.

ఇటువంటి స్థితిలో 1901 సెప్టెంబరు 1న హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయం మొదలైంది. 1904లో హనుమకొండలో రాజరాజ నరేంద్ర ఆంధ్ర భాషా నిలయం వెలిసింది. 1906లో కొమర్రాజు లక్ష్మణరావు ప్రభృతులు విజ్ఞాన చంద్రికా మండలి స్థాపించి చరిత్ర, విజ్ఞాన శాస్త్రాలను తెలుగులో అందించారు. ఆ తరంలోనే కట్టమంచి రామలింగారెడ్డి ‘భారత అర్థశాస్త్రము’ రాసి, ఆర్థికశాస్త్రాన్ని తెలుగులో చెప్పవచ్చని చూపించారు. ఫెయ్‌హో లాటిన్‌ను పక్కన పెట్టి చేసిన పనికి ఇది మన ప్రతిరూపం.

1921లో హైదరాబాదు వివేకవర్ధినిలో జరిగిన ఒక సభలో తెలుగులో మాట్లాడబోయిన అల్లంపల్లి వెంకటరామారావును గోల చేసి మాట్లాడనివ్వలేదు. ఆ అవమానం నుంచి ఆంధ్ర జన సంఘం పుట్టింది. ఈ సంఘం గ్రంథాలయాలు పెట్టించింది. వెట్టిని అదుపు చేస్తూ ప్రభుత్వం ఎప్పుడో ఇచ్చిన ఉత్తర్వులను అచ్చువేసి ఊళ్లలో పంచింది. మాడపాటి హనుమంతరావు 1928లో బాలికల కోసం తెలుగు పాఠశాల నెలకొల్పారు. 1930లో ఆంధ్ర మహాసభ ఏర్పడింది. దాని నాలుగవ సభ 1935లో మన సిరిసిల్లలో ఆయన అధ్యక్షతన జరిగింది. ఇందులో ఒక పాఠం ఉంది. ఉత్తర్వు సర్కారు కాగితాల్లో ఉన్నంత కాలం దొరకు భయం లేదు. దాన్ని చదివి వినిపించేవాడు ఊళ్లో ఒక్కడున్నా పరిస్థితి మారుతుంది.

7. భాగ్యరెడ్డి వర్మ

స్పెయిన్‌లో జరగనిది, మన దగ్గర జరిగినది ఇదే. హైదరాబాదు మాల కుటుంబంలో 1888లో పుట్టిన భాగ్యరెడ్డి వర్మ ఏ రాజశాసనం కోసమూ ఎదురు చూడలేదు. 1906లో జగన్మిత్ర మండలి స్థాపించి, హరికథలు, ఉపన్యాసాల ద్వారా వాడల్లో చైతన్యం తెచ్చారు. చదువురాని వారికి కళ ద్వారా చదువు చెప్పడమంటే ఇదే. 1910లో ఇసామియా బజారులో అంటరానివారి పిల్లల కోసం పాఠశాల ప్రారంభించారు. 1930ల నాటికి అటువంటి పాఠశాలలు 26 అయ్యాయి. వాటిలో 2,500 మంది పిల్లలు చదివారు. 1917లో బెజవాడ సభకు అధ్యక్షత వహించి, తామే ఈ నేల ఆదివాసులమని, ‘పంచములు’ అన్న పేరు తమకు వద్దని చాటారు. తాగుడు, బాల్య వివాహాలు, దేవదాసీ ఆచారం మీద కూడా పోరాడారు. గౌరవం ఇవ్వమని అడగడం వేరు, గౌరవంగా నిలబడి తమ పేరు తామే పెట్టుకోవడం వేరు.

8. ఆదిలాబాద్ అడవుల్లో

అడవిని సర్కారు హద్దులు వేసి స్వాధీనం చేసుకోవడంతో గోండులు, కొలాములు సాగు భూములు పోగొట్టుకున్నారు. కుమ్రం భీం నాయకత్వంలో తిరుగుబాటు జరిగి, 1940లో జోడేఘాట్‌లో భీం అమరుడయ్యాడు. ఆ తర్వాతే ప్రభుత్వం మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్‌ను కారణాలు తెలుసుకోమని పంపింది. ఆయన భార్య బెట్టీ ఎలిజబెత్‌తో కలిసి మార్లవాయిలో నివసించారు. 1943లో అక్కడ గోండు యువకులనే ఉపాధ్యాయులుగా తయారుచేసే శిక్షణ కేంద్రం మొదలైంది. గోండి భాషలో వాచకాలు తయారయ్యాయి. భూమి పట్టాలు ఇవ్వాలన్న సిఫారసు కూడా చదువుతో పాటే సాగింది. జిప్సీల భాషను నిషేధించి బాగు చేయాలనుకున్న స్పెయిన్ శాసనాన్ని, గోండి వాచకంతో బడి పెట్టిన మార్లవాయిని పక్కపక్కన పెట్టి చూస్తే తేడా తెలుస్తుంది. ఈ మార్లవాయి ఇప్పుడు కుమ్రం భీం ఆసిఫాబాద్ జిల్లాలో ఉంది.

9. మన కళలు, మన చేతులు

కరీంనగర్ వెండి తీగ పని (ఫిలిగ్రీ) 2007లో భౌగోళిక గుర్తింపు పొందింది. వెండిని రంధ్రాల పలక గుండా లాగి సన్నని తీగ చేసి, మెలిపెట్టి, చట్రంలో పూలు, ఆకులుగా అమర్చి అతుకుతారు. పొనికి కర్రతో నకాషీలు చేసే నిర్మల్ బొమ్మలకు కూడా గుర్తింపు లభించింది. ఆదిలాబాద్ ఓజాలు డోక్రా పని చేస్తారు. మట్టి అచ్చు మీద మైనం తీగలు చుట్టి, పైన మళ్లీ మట్టి పూసి కాలుస్తారు. మైనం కరిగిపోయిన ఖాళీలో కరిగిన ఇత్తడి పోస్తారు. ఒక్కో అచ్చుతో ఒక్క వస్తువే వస్తుంది. ఈ పనిలో రసాయన శాస్త్రం ఉంది, జ్యామితి ఉంది. బడి మెట్లెక్కని మనిషి చేతిలో ఉన్నంత మాత్రాన అది విద్య కాకుండా పోదు. కాంపోమానెస్ చెప్పదలచుకున్నది కూడా ఇదే.

10. చట్టం, మనసు, ప్రకృతి

హోవెయానోస్ చెప్పిన మూడు అడ్డంకులను మన ప్రాంతానికి అన్వయించి చూద్దాం. చట్టం వైపు చాలా దూరం వచ్చాం. డాక్టర్ అంబేద్కర్ సారథ్యంలో తయారై 1950లో అమలులోకి వచ్చిన మన రాజ్యాంగం 17వ అధికరణంలో అంటరానితనాన్ని రద్దు చేసింది. స్పెయిన్ రాజు పని గౌరవమైనదన్నాడు. మన రాజ్యాంగం అవమానించడమే నేరమన్నది. 1976లో వెట్టి నిర్మూలన చట్టం వచ్చింది. అయినా 1978 సెప్టెంబరులో జగిత్యాలలో వేలాది రైతు కూలీలు వెట్టికి వ్యతిరేకంగా జైత్రయాత్ర చేయవలసి వచ్చింది. ఆ చట్టాన్ని పల్లెల్లో అమలు చేయించడానికి, ఎస్సీ పిల్లల హాస్టళ్లు, గురుకుల పాఠశాలల కోసం పాటుపడిన ఐఏఎస్ అధికారి ఎస్.ఆర్. శంకరన్ (1934–2010) పేరు మన వసతి గృహాల విద్యార్థి ప్రతి ఒక్కరూ తెలుసుకోవాలి. ప్రకృతి అడ్డంకి విషయంలో, 1963లో శంకుస్థాపన జరిగిన పోచంపాడు ప్రాజెక్టు కాకతీయ కాలువ ద్వారా కరీంనగర్ చేలకు గోదావరి నీళ్లు తెచ్చింది.

మిగిలింది మనసు. ఇది అన్నిటికంటే మొండిది. దరఖాస్తు ఫారంలో ‘తండ్రి వృత్తి’ అన్న గడి దగ్గర మన కలం ఇప్పటికీ కాసేపు ఆగుతుంది. చెప్పులు కుట్టే పని, పారిశుధ్య పని, డప్పు, కూలి – ఏది రాయాలన్నా చుట్టూ చూస్తాం. 240 సంవత్సరాల కింద ఒక రాజు, ఆ తర్వాత మన రాజ్యాంగం చెప్పిన మాటను మనం ఇంకా పూర్తిగా నమ్మలేకపోతున్నామన్నమాట. అలాగని తండ్రి పనే కొడుకు చేయాలని నా ఉద్దేశం కాదు. ఆ పని వదిలి మరో పనికి పోయే స్వేచ్ఛ చదువే ఇస్తుంది. కానీ వదిలిన పనిని, దాన్ని చేస్తూ మనల్ని చదివించిన వారిని తక్కువ చేసే హక్కు ఏ చదువూ ఇవ్వదు.

అందుకని తమ్ముళ్లకు, చెల్లెళ్లకు ఒక సూచన. స్పెయిన్ సంఘాలు చేతివృత్తుల వివరాలు సేకరించినట్లే, మనం కూడా ఈ సెలవుల్లో ఇంటికి పోయినప్పుడు అమ్మానాన్నల పని గురించి ఒక పేజీ రాసుకొద్దాం. పనిముట్ల పేర్లు, పని చేసే వరుస, పట్టే సమయం, వచ్చే కూలి, ఆ పనిలో వారికి మాత్రమే తెలిసిన కిటుకు. వారిని అడిగి, వారు చెప్పినట్లే రాయాలి. వచ్చే వార్షికోత్సవ సంచికలో ఆ పేజీలు అచ్చయితే, మన ప్రాంతపు అర్థశాస్త్రానికి అంతకంటే మంచి పాఠం ఉండదు.

గుర్తుంచుకోవలసిన సంవత్సరాలు

1726 – ఫెయ్‌హో తొలి సంపుటం
1765 – స్పెయిన్‌లో మొదటి ఆర్థిక సంఘం
1783 – చేతివృత్తులు గౌరవప్రదమైనవని రాజశాసనం
1795 – హోవెయానోస్ వ్యవసాయ చట్ట నివేదిక
1799 – గోయా ‘కాప్రిచోస్’
1901 – శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయం
1906 – విజ్ఞాన చంద్రికా మండలి, జగన్మిత్ర మండలి
1910 – భాగ్యరెడ్డి వర్మ తొలి పాఠశాల
1935 – సిరిసిల్ల ఆంధ్ర మహాసభ
1943 – మార్లవాయి ఉపాధ్యాయ శిక్షణ కేంద్రం
1950 – రాజ్యాంగం అమలు, 17వ అధికరణం
1976 – వెట్టి నిర్మూలన చట్టం